చప్పుడు లేని దిగుడు

కాశప్ప లారీకి ఆదోనిలో ఒక పేరుండేది. "తాగని లారీ" అనేవాళ్ళు. అది డీజిలు తాగదని కాదు, మిగతా లారీలు గటగటా తాగేచోట అది గుక్కెడుతో సరిపెట్టుకుంటుందని. ఆ లారీ సొంతదారు, పత్తి మిల్లు సావుకారు నలుగురిలో ఆ మాట అన్నప్పుడల్లా కాశప్ప తల వంచుకుని నవ్వేవాడు. చూసినవాళ్ళు దాన్ని అణకువ అనుకునేవాళ్ళు. అణకువ ఏమీ కాదు. పొగడ్త పూర్తిగా లోపలికి దిగేదాకా ముఖం కనపడనీయకుండా దాచుకోవడం, అంతే.

ఇందులో రహస్యం పెద్దదేమీ లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చే దారిలో సున్నపురాళ్ళ దిగుడని ఒకటుంది. పత్తి బోరాలు నింపుకున్న లారీ అటువైపు మిట్ట ఎక్కేటప్పుడు నెలలు నిండిన బర్రెలా మూలిగేది. మిట్ట మీదికి రాగానే కాశప్ప గేరు తీసేసి ఇంజను ఆపేవాడు. ఇక బోరాల బరువే లారీని కిందికి తోసుకుపోయేది. అంత పెద్ద లారీ చడీ చప్పుడూ లేకుండా జారిపోయేది. టైర్ల కింద ఇసుక నలిగే చప్పుడూ, కట్టిన తాళ్ళు కిర్రుమనే చప్పుడూ, అంతకు మించి ఏమీ ఉండేది కాదు. ఇంజను ఆపితే బ్రేకు గట్టిపడుతుందని తోటి డ్రైవర్లు చెప్పి చూశారు. "నా కాలు మీ కాళ్ళ కన్నా గట్టిది లేప్పా" అని కొట్టిపారేశాడు.

అతనికి ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎద్దులబండి వెనక హారను కొట్టడు.

దీనికి కారణం ఉంది. కాశప్పది తుగ్గలి దగ్గర ఒక మెట్టపల్లె. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం కేసి చూడటం. నాన్న లక్ష్మప్పకు ఆస్తి అంటూ ఉన్నది ఒక జత ఎద్దులు. కాశప్ప చిన్నప్పుడు ఇద్దరూ వేరుశనగ మూటలు వేసుకుని ఆదోనికి పోతుంటే, వెనకనుంచి ఒక లారీవాడు చెవులు పగిలేలా హారను మోగించాడు. ఎద్దులు బెదిరి బండిని గుంతలోకి ఈడ్చుకుపోయాయి. దాపటెద్దు కాలు విరిగింది. కాలు విరిగిన ఎద్దుకు చివరికి ఏ గతి పడుతుందో పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ తర్వాత లక్ష్మప్ప మళ్ళీ సేద్యం ముఖం చూడలేదు, కూలికి పోయాడు. కొడుకు లారీ తోలడం నేర్చుకుంటానన్నప్పుడు కాదనలేదు కానీ ఒక మాట అన్నాడు. "నోరులేని జీవాల్ని బెదిరిచ్చొద్దు నాయినా."

కాశప్ప ఆ మాట తప్పలేదు. పత్తి కాలంలో ఆ దారి పొడుగునా ఆదోని యార్డుకు పోయే బండ్లే. కాశప్ప లారీ హారను కొట్టదని బండివాళ్ళకు తెలుసు. పక్కనుంచి దాటిపోతుంటే చెయ్యెత్తి పలకరించేవాళ్ళు.

ఇలా ఒక అలవాటు సావుకారు మెప్పు కోసం, ఒకటి ఎద్దుల మేలు కోసం. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. దారిన పోయే మనుషుల సంగతే ఆ రెంటిలోనూ లేకపోయింది.

ఆ రోజుల్లోనే, అంటే డెబ్బైల చివర్లో, అదే దారిలో ఒక పాత లూనా తిరుగుతుండేది. సైకిలుకు ఎక్కువ, మోటారు సైకిలుకు తక్కువ అయిన ఆ బండి మీద తెల్ల పంచె, భుజాన ఉత్తరీయం, నుదుట నల్లటి అంగారపు గీత, వెనక పిలక. వాదిరాజాచార్యులు. ఎమ్మిగనూరులో కాపురం, ఆదోనిలో పాఠశాల. పాఠశాల అంటే పెద్ద కట్టడం అనుకునేరు. ఒక మఠం వసారా, నాలుగు చాపలు, పొద్దున పూట వేదం చెప్పించుకోవడానికి వచ్చే కొందరు పిల్లలు. బావమరిది శ్రీపాదరావు తాను కొత్త బండి కొనుక్కుంటూ ఆ పాత లూనాను ఆయనకు అంటగట్టాడు. అంటగట్టాడని మొదట్లో ఆచార్యులే అనేవారు. రెండు నెలలకు అది లేకుండా ఉండలేని స్థితికి వచ్చారు.

ఆచార్యులవారి చెవి గురించి ఆదోనిలో చెప్పుకునేవాళ్ళు. కళ్ళు మూసుకుని కూర్చుంటారు, పిల్లలందరూ ఒకేసారి గొంతెత్తి చెబుతుంటారు, మూలన ఎవడో ఒకడు కిందికి దించాల్సిన స్వరం దించకుండా చదునుగా లాగేస్తాడు. ఈయన కళ్ళు తెరవకుండానే వాడి పేరు పెట్టి పిలుస్తారు. తప్పు స్వరం చెబితే చెప్పినవాడికన్నా చెప్పించినవాడికి పాపం ఎక్కువని ఆయన నమ్మకం. నమ్మకం అని మనం అంటాం కానీ, ఆయనకది పొద్దు పొడవడమంత నిజం.

ఆయనకూ సున్నపురాళ్ళ దిగుడు దగ్గర ఒక అలవాటు ఉండేది. మిట్ట ఎక్కగానే లూనా ఇంజను ఆపేసేవారు. పెట్రోలు కోసం కాదు. ఆ దిగుడు పొడుగునా బండి దానంతటదే దొర్లుతుంటే, చుట్టూ ఏ రొదా లేకుండా, ఆ పూట చెప్పాల్సిన పాఠాన్ని ఒకసారి గొంతెత్తి వల్లె వేసుకునేవారు. కింద చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి పాఠం ముగిసేది, అప్పుడు మళ్ళీ ఇంజను వేసుకునేవారు.

పుష్యమాసంలో ఒక పొద్దున మిట్ట మీద కాశప్ప ఇంజను ఆపాడు. లారీ జారడం మొదలుపెట్టింది. ముందు ఒక బండి పోతోంది. కోటేకల్లు వైపు శేషప్ప అనే రైతుది. పత్తి కొండలా పేర్చాడు. ఆ కొండకు ఇవతలున్నవాళ్ళకు అవతల ఏముందో కనపడదు. ఎద్దుల మెడలో గంటలు గలగలమంటున్నాయి. కాశప్ప హారను మీద చెయ్యి వెయ్యలేదు. నాన్న మాట ఉందిగా. కుడివైపుకు తిప్పి బండిని దాటాడు.

బండికి అవతల లూనా ఉంది. రోడ్డు మరమ్మతుకని ఎడమ అంచున కంకర కుప్పలు పోసి ఉంటే, వాటిని తప్పించుకుంటూ ఆచార్యులు నడిమధ్యకు వచ్చి దొర్లిపోతున్నారు. గొంతెత్తి పాఠం చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి కుడి భుజం పక్కన మనిషెత్తు చక్రం. ఉలిక్కిపడి ఎడమకు లాగారు. లూనా కంకరలోకి పోయి పడింది. తల కుప్పకు కొట్టుకుంది.

లారీ ఆయన్ని తాకలేదు. ఇది నిజం. తర్వాత ఎన్నోసార్లు కాశప్ప ఈ నిజాన్ని పట్టుకుని వేలాడబోయాడు, అది అతని బరువు మోయలేదు.

బ్రేకు తొక్కాడు. అది నిజంగానే గట్టిపడింది. లారీ చింతచెట్టు దాకా పోయి గానీ నిలబడలేదు. దిగి వెనక్కి పరుగెత్తాడు. అప్పటికే శేషప్ప బండి ఆపి ఆచార్యుల తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పంచె ఎర్రబడింది. ఎడమ చెయ్యి వంకరగా పడి ఉంది. ఇద్దరూ మోసుకొచ్చి లారీలో పడుకోబెట్టారు. ఇప్పుడు కాశప్ప ఇంజను వేశాడు, గేరు వేశాడు, ఆదోని దాకా చెయ్యి తియ్యకుండా హారను కొట్టాడు. ఎన్ని ఎద్దులు బెదిరాయో చూడలేదు.

దారిలో ఆచార్యులు కళ్ళు తెరిచారు. "నాయనా, నీ లారీ ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు.

"మాట్లాడొద్దు సామీ. రక్తం పోతాంది" అన్నాడు కాశప్ప.

అడిగినదానికి అది జవాబు కాదు. ఆ ఒక్క ప్రశ్నకు అప్పుడే సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఈ కథ ఆ లారీలోనే ముగిసిపోయేది. కానీ భయమనేది మొదట నాలుకనే పట్టుకుంటుంది. పోలీసులు, కేసు, లైసెన్సు, సావుకారు ముఖం, ఇంట్లో భార్య భీమమ్మ, అన్నీ ఒక్క గుక్కలో కళ్ళ ముందు తిరిగాయి.

ఆసుపత్రికి కానిస్టేబులు వచ్చినప్పుడు కాశప్ప బయట గోడకు ఆనుకుని ఉన్నాడు. లోపల ఆచార్యులు చెబుతున్నది వినపడుతోంది. "తప్పు నాదేనప్పా. లారీ వెనకాలే వచ్చింది, నాకే వినపడలేదు. ఈ మనిషి లేకుంటే ఆ కంకరలోనే పోయేవాణ్ణి." కానిస్టేబులు బయటికి వచ్చి కాశప్ప భుజం తట్టి, "మంచి పని చేసినావు" అని పోయాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు కాశప్ప.

ఇంటికి పోతే భీమమ్మ ఎదురొచ్చి దిష్టి తీసింది. సంగతి అప్పటికే వీధంతా పాకింది. "బాపనయ్యకు ప్రాణం పోసినావంట గదా! ఏడేడు జన్మల పుణ్యం!" అంది. కాశప్ప చెంబెడు నీళ్ళు తాగి, అన్నం వద్దని పడుకున్నాడు. పుణ్యాత్ములకు ఆకలి ఉండదు కాబోలనుకుంది ఆమె.

ఆచార్యులు కోలుకున్నారు. చెయ్యి అతుక్కుంది, తల మీద కుట్లు మానాయి. కానీ ఆయన తలలో ఒక లెక్క మొదలైంది. ఆ లెక్క ఇంకెవరికీ రాదు. వేదం చెప్పేవాడికే వస్తుంది.

ఆ పొద్దు లూనా ఇంజను ఆగి ఉంది. తన గొంతు తనకు వినపడింది. వెనక ఎద్దుల గంటలు వినపడ్డాయి. అంత పెద్ద లారీ మాత్రం వినపడలేదు. గంట చప్పుడు సన్నంగా పైకి పోతుంది, లారీ రొద బరువుగా కింద నడుస్తుంది. అంటే తన చెవికి పై స్వరాలు అందుతున్నాయి, కిందివి అందడం లేదు. మరి వేదంలో కిందికి దించి చెప్పే స్వరాల గతేమిటి? ఇన్నాళ్ళుగా పిల్లలు వాటిని సరిగ్గా చెబుతున్నారో లేదో తనకేం తెలుసు?

మరి ఇప్పుడు వీధిలో లారీలు వినపడుతున్నాయి కదా అంటే దానికీ ఆయన దగ్గర జవాబుంది. "మా తండ్రికీ ఇట్లే మొదలైంది. ఒక రోజు వినపడేది, ఒక రోజు వినపడేది కాదు. చివరికి ఉరుము కూడా వినపడలేదు." వైద్యుడు చెవిలోకి తొంగి చూసి బాగానే ఉందన్నాడు. ఆచార్యులు నవ్వి, పైనుంచి చూస్తే బావి కూడా బాగానే ఉంటుంది, నీళ్ళున్నాయో లేదో చేద వేస్తే కదా తెలిసేది అన్నారు.

శేషప్ప చెడ్డవాడు కాదు, నోరు ఊరుకోనివాడు. ఆదోని యార్డు దగ్గర టీ అంగట్లో బండివాళ్ళందరికీ చెప్పాడు. "పాపం, సామికి సెవుడు. అంత లారీ ఎనకాలొస్తాంటే ఇనపడనోడు బండెక్కొచ్చునా? నాకైతే గంటల సప్పుడులో ఇనపళ్ళేదనుకో, ఆయనకేమైంది?" ఆ మాట అన్నప్పుడు కాశప్ప అదే బల్ల మీద ఉన్నాడు. తన చెవి తాను తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్న సామెత గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాడు. టీ సగంలో వదిలేసి లేచాడు. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చిందా అంటే, వచ్చింది. కక్కలేదు. మింగాడు.

ఎమ్మిగనూరుకు లోడుకు పోయిన ప్రతిసారీ ఆచార్యుల ఇంటి ముందు ఆగడం అతనికి అలవాటైంది. ఎందుకు ఆగేవాడో అతనికే సరిగ్గా తెలియదు. అపరాధికి ఆ గుమ్మమే దిక్కు కాబోలు. ఒకసారి సొరకాయలు, ఒకసారి కొత్త వేరుశనగలు, ఒకసారి విరిగిన లూనా హాండిలు సరిచేయించి తెచ్చాడు. ఆచార్యుల భార్య అంబాబాయి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది, కరివేపాకు, ఇంగువ వేసి. ఆమె ఇచ్చే మజ్జిగ అతని గొంతులో పచ్చివెలక్కాయలా అడ్డం పడేది.

మంత్రాలయం పోయి వచ్చినప్పుడు ఆమె అక్షింతలు ఎర్రగుడ్డలో పొట్లం కట్టి తెచ్చింది. "ఇది నీ లారీలో కట్టుకో కాశప్పా. నా పసుపుకుంకుమలు నిలబెట్టిన లారీ అది" అంది. చేతులు చాచి తీసుకోక తప్పలేదు. అద్దం పక్కన వేలాడదీశాడు. లారీ కదిలినప్పుడల్లా అది ఊగేది. దిగుడు మీద ఇంజను ఆపినప్పుడు కూడా ఊగేది. అవును, అప్పటికీ ఆపుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి మానేస్తే సావుకారు ఎందుకని అడుగుతాడు, అడిగితే ఏం చెప్పాలి? తప్పును దాచాలంటే ఆ తప్పునే చేస్తూ ఉండాలని అతనికి అప్పుడు తెలిసింది. పొట్లం వైపు చూడకుండా గేరు తీసేవాడు.

ఈలోగా ఆ ఇంట్లో గొంతులు పెరిగాయి. ఆచార్యులు తనకు వినపడినదాన్ని కూడా నమ్మడం మానేసి, "ఏమంటివి? ఏమంటివి?" అని రెండోసారి అడిగేవారు. ఆయన్ని కష్టపెట్టకూడదని అంబాబాయి మొదటిసారే గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టింది. సన్నగా మాట్లాడే మనిషి. కాశప్ప మొదటిసారి విన్నప్పుడు ఆ గొంతు చద్దిలో పెరుగంత చల్లగా ఉండేది. ఇప్పుడు బావి దగ్గర తగాదా పడుతున్నట్టు వినపడేది. "అన్నం పెట్టినా, రండి!" అని అరిస్తే పక్కింటివాళ్ళు కూడా లేచేవాళ్ళు.

పాఠశాల మూతబడిన సంగతి కాశప్పకు ఆలస్యంగా తెలిసింది. ఆచార్యుల బావమరిది శ్రీపాదరావు చెప్పాడు. ఒక పిల్లవాడు స్వరం తప్పాడట, మిగతావాళ్ళు నవ్వారట. ఆచార్యులకు ఆ తప్పు వినపడింది. వినపడినా, అది వాడి గొంతు తప్పో తన చెవి తప్పో తేల్చుకోలేక మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పమన్నారు. చివరికి పుస్తకం లేని ఆ పాఠాన్ని అక్కడే ఆపేసి, "రేపటి నుంచి వేరే గురువును చూసుకోండి నాయనా" అని లేచి వచ్చేశారట. పిల్లలు తలో ఊరూ పోయారు. "సెవిటి గురువు సెప్పిన వేదం ఎవరికి కావాల?" అని ఊళ్ళో ఒకరిద్దరు అన్నారు కూడా.

ఆ రోజు కాశప్ప మిల్లు దగ్గర లారీ ఎక్కి స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. ఎద్దు కాలు విరగ్గొట్టిన ఆ లారీవాణ్ణి అతను జీవితమంతా తిట్టుకున్నాడు. వాడైనా హారను కొట్టాడు. తాను అది కూడా చెయ్యలేదు.

అయినా చెప్పలేదు. మనిషి ఎంత పిరికివాడో అతనికే తెలియాలి, దేవుడికి తెలియాలి. మాట అనేది వెంటనే బయటపెట్టకపోతే గట్టిపడుతుంది. మొదటి రోజు అది చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోయేది. ఏడాది దాటాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

రెండో ఏడు పత్తి కాలం ముగిసేముందు ఒక మధ్యాహ్నం కాశప్ప ఎప్పట్లాగే ఆగాడు. అరుగు మీద లూనా నిలబెట్టి ఉంది. తుడిచి, నూనె రాసి, మెరిసేలా చేశారు. ఆచార్యులు పక్కనే కూర్చుని ఉన్నారు.

"కాశప్పా, నీకోసమే ఎదురు చూస్తా ఉండా. ఇది నువ్వు తీసుకుపో" అన్నారు.

"యాడికి సామీ? రిపేరికా?"

"రిపేరి కాదప్పా. నీకే. మీ నాయన తుగ్గలి దగ్గర ఉన్నాడంటివి కదా, పోయి వచ్చేదానికి పనికొస్తుంది. నాకింక ఎందుకు? వెనక ఏమొస్తా ఉందో వినపడనివాడు దారి మీదికి పోకూడదు. నేను పడితే పడితిని, నన్ను తప్పించబోయి ఇంకెవరైనా పడితే? ప్రాణం పోసినవాడివి. నీకు ఇయ్యక ఎవరికి ఇచ్చేది?"

తాళంచెవి చేతిలో పెట్టారు. లోపల వంటింట్లో అంబాబాయి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. కాశప్ప ఆ తాళంచెవిని చూశాడు. సొరకాయలు ఇచ్చినప్పుడు గుండె కొంచెం తేలికైనట్టుండేది. ఇప్పుడు తిరిగి ఆయనే ఇస్తున్నారు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. అతనికి పోతుందన్న ఆశ లేదు. ఈ బండి తీసుకుని ఇంటికి పోయే శక్తి మాత్రం లేదు.

తాళంచెవి అరుగు మీద పెట్టి, కింద మట్టిలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మీ సెవులకేం కాల్యా సామీ."

"ఏమంటివి?" అన్నారు ఆచార్యులు అలవాటు కొద్దీ.

"మీ సెవులు బాగుండాయి. ఆ పొద్దు నా లారీ సప్పుడే సెయ్యల్యా. ఇంజను ఆపినాను. ఆ దిగుట్లో ఎప్పుడూ ఆపుతాను, డీజిలు మిగుల్తాదని. ఊరికే దొర్లించుకుంటా వచ్చినాను. సప్పుడు ల్యాకుంటే మీకు యాన్నుంచి ఇనపడ్తాది?"

ఆచార్యులు అడిగారు. "హారను?"

"కొట్టల్యా. ఎద్దులు బెదుర్తాయని."

"ఎద్దులు బెదురుతాయని" అని ఆయన నెమ్మదిగా అన్నారు, పాఠం చెప్పించుకునే పిల్లవాడు గురువు మాటను తిరిగి పలికినట్టు. "నిజమేనా? నా మీద జాలితో చెప్తాండావేమో. అన్నం తినే చేత్తో ఒట్టు పెట్టు."

కాశప్ప కుడిచెయ్యి నేల మీద పెట్టాడు. "అన్నం మీద ఒట్టు, మా నాయన మీద ఒట్టు. అడిగిననాడే సెప్పాల్సింది. భయపడినాను. ఆ తరవాత సిగ్గుపడినాను. మీరు పిల్లోళ్ళను పంపించేసినప్పుడు కూడా నోరు మూసుకున్యాను. నన్ను కొట్టండి సామీ, పోలీసులకు సెప్పండి. ఈ బండి మాత్రం ఇయ్యొద్దు."

"ఆ పిల్లవాడు తప్పే చెప్పినాడు" అన్నారు ఆచార్యులు. కాశప్పతో కాదు, ఎదురుగా ఉన్న గోడతో. "నాకు సరిగ్గానే వినపడింది. వాడు తప్పే చెప్పినాడు." ఆయన ముఖంలోకి సంతోషం రాబోయి, దారిలో కోపం ఎదురై, రెండూ అక్కడే ఆగిపోయినట్టయింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. అక్కడినుంచి, రెండు గదుల అవతల నుంచి, ఒక మాట వచ్చింది. అరుపు కాదు. ఏడాదికి పైగా ఆ ఇంట్లో ఎవరూ వినని సన్నటి పాత గొంతు.

"ఆయప్పను పొమ్మని చెప్పండి."

"ఆఁ, చెప్తాను" అన్నారు ఆచార్యులు వెంటనే.

అన్నాక గానీ ఆయనకు తెలియలేదు. చెయ్యి చెవి దగ్గరికి పోయి అక్కడే నిలిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాశప్ప వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నారు. "నాకు వినపడింది. నీకూ వినపడింది కదా కాశప్పా. పో."

కాశప్ప లేచి పోయాడు. మజ్జిగ ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినా తాగేవాడు కాదు.

మరుసటి రోజు నుంచి సున్నపురాళ్ళ దిగుట్లో అతని లారీ గేరులోనే, మోత మోగిస్తూనే దిగింది. సావుకారు పిలిచి అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. తిట్లు తిన్నాడు. కొన్నాళ్ళకు ఆ లారీ తీసి వేరేవాడికిచ్చి, అతనికి ఇంకో పాత లారీ అప్పగించాడు. తోటి డ్రైవర్లు "తాగని లారీ పోయి తాగుబోతు లారీ వచ్చెనే" అని ఎగతాళి చేశారు. టీ అంగట్లో అందరూ ఉండగా శేషప్పతో కూడా చెప్పాడు, ఆ సామికి చెవుడు లేదని, ఎందుకు లేదో. శేషప్ప గ్లాసు పెట్టేసి లేచిపోయాడు. తర్వాత కొన్నేళ్ళు బండివాళ్ళెవరూ అతనికి చెయ్యెత్తలేదు.

ఎద్దుల వెనక హారను మాత్రం అప్పటికీ కొట్టలేదు. దూరం నుంచే లారీ నెమ్మది చేసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు మీద దబదబా తట్టేవాడు. ఎద్దులు దానికి బెదరవు, మనుషులకు వినపడుతుంది. బండికి అవతల రోడ్డు పూర్తిగా కనపడేదాకా దాటేవాడు కాదు. కొత్త డ్రైవర్లు తొందరపెడితే, "బండి కనపడిందంటే దాని ముందర ఉండే మనిషి కనపడలేదని అర్థం" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ మాట నేర్చుకోవడానికి అతనేం చేశాడో వాళ్ళకు తెలియదు.

అక్షింతల పొట్లం మొదటి లారీ నుంచి ఈ లారీలోకి వచ్చింది. పారేయడానికి చెయ్యి రాలేదు, దానికి దండం పెట్టడానికీ రాలేదు.

ఎనభైల్లో పాఠశాల మళ్ళీ తెరిచారని విన్నాడు. మునుపటంతమంది పిల్లలు రాలేదట. ఆ ఇంటి వీధిలోకి అతను మళ్ళీ పోలేదు. ఒక్కసారి మాత్రం, చలికాలం పొద్దున, మిట్ట మీదికి లారీ ఎక్కేసరికి దిగుడు సగంలో లూనా కనపడింది. తెల్ల పంచె గాలికి ఎగురుతోంది. ఇంజను ఆపి దొర్లిపోతున్నారని తెలుస్తూనే ఉంది. లారీ మోత అంత దూరం నుంచే ఆయనకు అందింది. తల తిప్పకుండానే బండిని ఎడమకు తీసి, కాలు నేల మీద ఆనించి, లారీ పోయేదాకా నిలబడ్డారు.

కాశప్ప మనిషి నడకంత నెమ్మదిగా, కుడి అంచుకు జరిగి లారీని దాటించాడు. ఆచార్యులు తల ఎత్తి చూడలేదు. ఎవరి లారీయో ఆయనకు తెలిసి ఉండదు, తెలిసినా చూసేవారు కాదేమో. ఆయన పెదవులు కదులుతున్నాయి. పాఠం ఎక్కడా ఆపలేదు.

ఏం చెబుతున్నారో ఒక్క ముక్క విందామని కాశప్పకు మనసు పీకింది. ఇంజను ఆపితే వినపడేదే. ఆపలేదు.